కాఫీ మరక జెరేనియం

పళ్ళాయన అంటే ఆ వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు అరటిపళ్ళ కోసం తలుపు తట్టేవారు. ఆయన చేసేవి కట్టుడుపళ్ళు. డాక్టర్లు పంపే నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, ఆరాక విప్పి, మైనం మీద పళ్ళు ఒక్కొక్కటిగా నిలబెట్టి, గులాబీరంగు చిగుళ్ళు దిద్దేవాడు. ఇంటి ముందుగదే ఆయన పనిగది. పొడుగాటి బల్ల, దాని మీదికి వంగిన దీపం, గోడవారన ఎవరెవరివో దవడలు. ఆ దవడల సొంతదారుల మొహాలు ఆయన చూసింది లేదు గానీ, అచ్చు చేతిలోకి రాగానే, "ఈయన ఎడంవైపే నములుతాడు. ఈవిడకి పళ్ళు కొరికే అలవాటుంది, ఎవరి మీదో కోపం," అనేవాడు.

"ఊళ్ళోవాళ్ళందరికీ నవ్వులు చేసిపెడతారు. ఇంట్లో ఒక్కటి ఖర్చుపెట్టమంటే మాత్రం చేతులు రావు," అనేది ఆయన భార్య. అలాంటి మాటలు ఆవిడ నవ్వకుండా అనేది. విన్నవాళ్ళకు కాసేపాగి నవ్వొచ్చేది.

మొక్కల పిచ్చి ఆవిడది. ఆయన ఆవిడ వెనకాల కుండీలు మోసిన మనిషి. మోసీ మోసీ ఆ పిచ్చి ఆయనకీ అంటుకుంది గానీ, ఒప్పుకునేవాడు కాదు.

చలి తగ్గుముఖం పడుతోందంటే చాలు, ఆ ఇంట్లో నలుగురు చేరేవారు. భార్యాభర్తలిద్దరినీ ఒక లెక్కగా వేసుకుంటే, ఆవిడ తమ్ముడు రెండోవాడు. లిఫ్టులు బాగుచేస్తాడు, పక్క వాటాలోనే ఉంటాడు. ఎదురుగా ఇస్త్రీ దుకాణం నడిపే ఆవిడ మూడోమనిషి. వీధి చివర మేడ మీద ఉండే టీచరమ్మ నాలుగో మనిషి. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైనా బడి ఆవిడని వదల్లేదు. దూరాన ఉన్న నర్సరీ వాళ్ళు చిన్న ఆర్డర్లు తీసుకోరు. అందుకని నలుగురూ కలిసి ఒకే పెట్టె తెప్పించుకునేవారు. పళ్ళాయన బల్ల పెద్దది కాబట్టి పెట్టె అక్కడే విప్పేవారు.

పంపకానికి కట్టుబాట్లు పెట్టింది టీచరమ్మే. ఒకరు తెప్పించిన రకం ఇంకొకరు తెప్పించకూడదు. మొక్కకి ఏడాది నిండాక దాని కొమ్మో పిలకో మిగతావాళ్ళకి ఇచ్చితీరాలి. ఏడాది నిండేలోపు మాత్రం దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. "ఇలా చేస్తే ఒకింట్లో పోయిన మొక్క ఇంకో ఇంట్లో బతికుంటుంది," అని ఆవిడ వివరించింది. లిఫ్టు మెకానిక్కు చెయ్యెత్తి, "అర్థమైంది టీచర్," అన్నాడు.

ఆ పెట్టెల్లో పళ్ళాయన భార్య తెప్పించుకున్న చివరి మొక్క ఒక జెరేనియం. పువ్వు చూస్తే దోమంత. గొప్పంతా ఆకులోనే ఉంది. మెత్తటి ఆకు, మధ్యలో ఎవరో కాఫీ ఒలకబోసినట్టు గోధుమరంగు మచ్చ. వేళ్ళతో నలిపితే పుదీనా వాసన, దాని వెనకాల ఇంకేదో తియ్యటి వాసన. ఆవిడ దానికి కాఫీ మరక అని పేరు పెట్టింది. మిగతా మొక్కలు బాల్కనీలో ఉండేవి. ఇది మాత్రం వంటింటి కిటికీలో ఉండేది. కూర తరుగుతూ మధ్యలో చెయ్యి తుడుచుకుని ఓ ఆకు నలుపుకునేది.

శీతాకాలం మొదట్లో, ఓ పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, కుర్చీలో కూచుని, మళ్ళీ లేవలేదు ఆవిడ. గుండె ఆగిపోయిందన్నారు.

తరవాత జరిగింది మొక్కలవాళ్ళు మాత్రమే చెయ్యగల తప్పు. పలకరింపుకొచ్చిన ప్రతి ఒక్కరూ ఆయనకి ఏం చెప్పాలో తోచక, లేచి వంటింట్లోకి వెళ్ళి, కిటికీలో మొక్కకి ఓ చెంబు నీళ్ళు పోసేవారు. పాపం, ఈయనకి మొక్కలెక్కడ గుర్తుంటాయి అని ఎవరికి వారే అనుకున్నారు. పొద్దున్నే కొట్టు తెరవబోతూ ఇస్త్రీ ఆవిడ పోసేది. డ్యూటీ దిగి బావమరిది పోసేవాడు. సాయంత్రం టీచరమ్మ ఎప్పుడైనా వస్తే ఆవిడా పోసేది. వీళ్ళందరికంటే ముందు, నిద్ర లేవగానే, ఆయనా పోసేవాడు. ఎండ తక్కువ, చలి ఎక్కువ. తడి ఆరే దారే లేదు.

ఒకరోజు ఇస్త్రీ ఆవిడ చెంబుతో కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ బావమరిది చెంబు వంచుతున్నాడు.

"అదేంటి తమ్ముడూ, పొద్దుటిపూట నేను పోస్తున్నానే!"

"రోజూ పోస్తున్నావా అక్కా?"

"నువ్వూ రోజూనా?"

వెనక నుంచి పళ్ళాయన వచ్చాడు. ఆయన చేతిలోనూ చెంబుంది. ముగ్గురూ కుండీ వైపు చూశారు. కాండం అడుగు నల్లబడి మెత్తబడింది. వేలితో తాకితే ఒరిగిపోయింది. వేలెత్తి చూపడానికి ఎవరి చెయ్యీ ఖాళీగా లేదు.

ఆవిడ పెంచినవాటిలో అన్నిటికీ మిగతా ఇళ్ళలో అంటులున్నాయి. ఎరుపు గులాబీ ఇస్త్రీ కొట్టు గుమ్మంలో ఉంది, ఫెర్న్ తమ్ముడింట్లో ఉంది. ఈ ఒక్కదానికే ఏడాది నిండలేదు కాబట్టి ఎవరికీ ఇవ్వలేదు. పళ్ళాయన నర్సరీకి ఫోన్ చేస్తే, ఆ రకం పెంచడం మానేశామన్నారు. ఇంకో రెండుచోట్ల అడిగాడు. పేరు చెబితే వాళ్ళకి తెలియలేదు. ఆకు మధ్యలో కాఫీ మరకలా ఉంటుందంటే, మచ్చలొచ్చిన మొక్కలు అమ్మమండీ అన్నారు.

ఆయన పని మానలేదు. పళ్ళు దిద్దుతూనే ఉన్నాడు. పని మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళి, ఖాళీ కిటికీ దగ్గర నిలబడి, బొటనవేలూ చూపుడువేలూ రాసుకుని వాసన చూసుకునేవాడు. ప్లాస్టర్ వాసనే వచ్చేది. ఆవిడ గొంతు, నడక, చీర అంచు అన్నీ గుర్తుకొచ్చేవి గానీ ఆ వాసన మాత్రం ఎంత గింజుకున్నా గుర్తొచ్చేది కాదు. అది ఒక్కసారి దొరికితే చాలనుకునేవాడు. ఈ మాట ఎవరితోనైనా అంటే నవ్వుతారేమోనని అనలేదు.

వసంతంలో పెట్టె వచ్చింది. ఈసారి ఆయన ఏమీ తెప్పించుకోలేదు. బల్ల మీద దవడలు ఓ పక్కకి జరిపి జాగా చేశాడు. టీచరమ్మ కాలు బెణికి రాలేదు. బావమరిది టేపు కోశాడు. తడి పేపర్ల మధ్య నుంచి బయటి గాలి చూడని మట్టి వాసన ముందు వచ్చింది. ఇస్త్రీ ఆవిడ తన గులాబీని బయటికి తీసింది. ఆకు లేదు, మట్టి లేదు, ముళ్ళున్న కట్టె, వేళ్ళు.

"దీన్ని మొక్కంటారా అన్నయ్యా? పొయ్యిలో పెట్టేస్తారు ఎవరైనా చూస్తే."

"పోయినేడూ ఇలాగే అన్నావమ్మా. బకెట్లో పడుకోబెట్టు, తాగనీ."

"నీళ్ళ సంగతి మీరు చెప్పకండి, నేను చెప్పను," అంది ఇస్త్రీ ఆవిడ. అని నాలిక్కరుచుకుంది. పళ్ళాయన బకెట్ దగ్గరికి జరిపాడు.

బావమరిది తన డేలియా దుంపలు చేత్తో పైకెత్తి, "బావా, వీటికి పళ్ళు కట్టు, నాలుగు మొహాలు తయారవుతాయి," అన్నాడు. అచ్చం అక్కలా నవ్వకుండా అనబోయి, తనే ముందు నవ్వేశాడు. చివరికి టీచరమ్మ తీగమొక్కలు మిగిలాయి.

"నువ్విచ్చిరా బావా. ఎన్నాళ్ళుగానో గడప దాటలేదు నువ్వు."

"లిఫ్టుందా ఆ మేడకి?"

"ఉంది. రిపేరుకని నేనే ఆపాను. మెట్లెక్కు, కాళ్ళు కదులుతాయి."

"నీ పనితనం తగలెయ్య," అంటూ పళ్ళాయన మొక్కలు సంచీలో పెట్టుకున్నాడు.

టీచరమ్మ తలుపు సగమే తీసింది. కాలికి కట్టు, చేతిలో కర్ర.

"వచ్చారా బాబూ! ఇలా ఇచ్చేయండి, నేను పెట్టుకుంటా."

"కర్ర పట్టుకున్న చేత్తోనా? వెనక బాల్కనీలో నీడన పెట్టిపోతాను టీచరుగారూ."

"వద్దొద్దు. ఇక్కడే, ఈ మూల పెట్టండి."

"ప్రయాణం చేసొచ్చిన మొక్కల్ని గదిలో పెడతారా? మా ఆవిడ వింటే నన్నే తిడుతుంది," అని ఆయన చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. వెనకాల కర్ర చప్పుడు తొందరగా వచ్చింది గానీ ఆయన్ని అందుకోలేకపోయింది.

బాల్కనీలో ముందు వరసంతా ఆయనకి తెలిసిన కుండీలే. నీడ కోసం వెతుకుతూ నీళ్ళ డ్రమ్ము వెనక్కి వంగాడు. అక్కడ, వచ్చేపోయేవాళ్ళకి కనబడకుండా, గుబురుగా, కిందికి వేలాడుతూ ఉంది కాఫీ మరక.

ఆయన సంచీ కింద పెట్టాడు. ఓ ఆకు పట్టుకుని నలిపాడు. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అలాగే వంగి ఉండిపోయాడు.

టీచరమ్మ వచ్చి గుమ్మం పట్టుకుంది. ఆవిడ చదువు చెప్పిన పిల్లలెవరూ ఆ మొహం చూసి ఉండరు.

"దొంగిలించాను బాబూ," అంది. "మీ ఆవిడ నన్ను వంటింట్లో కూచోబెట్టి బాల్కనీలోకి వెళ్ళినప్పుడు చిన్న కొమ్మ తుంచి కళ్ళజోడు డబ్బాలో వేసుకున్నాను. అప్పటికది వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. కట్టుబాటు పెట్టిందాన్ని నేనే. మొక్క చచ్చిపోయిందన్నప్పుడే తెచ్చి ఇవ్వాల్సింది. తెస్తే దొంగనని చెప్పాలి. ఇవాళ చెబుతా, రేపు చెబుతా అనుకుంటూ ఇంతకాలం దాచాను. సిగ్గు అడ్డొచ్చింది."

ఆయనకి కోపం వచ్చినట్టే వచ్చింది. ఖాళీ కిటికీ దగ్గర నిలబడ్డ పూటలన్నీ గుర్తొచ్చాయి. కానీ వేళ్ళ మీద వాసన ఉంది. అది ఉండగా కోపం నిలవలేదు.

"మా ఆవిడకి తెలియకుండా ఎలా పెంచారండీ? ఆవిడ ముక్కు మామూలు ముక్కు కాదే."

టీచరమ్మ మెల్లిగా వచ్చి స్టూలు మీద కూచుంది.

"తెలిసింది. అదే ఎవరికీ చెప్పలేదు నేను. కొన్నాళ్ళకి మీ ఆవిడ చిన్న సంచీతో ముతక ఇసక తెచ్చి ఈ గుమ్మంలోనే నిలబడింది. 'టీచరుగారూ, దానికి బరువు మట్టి పడదు, సగానికి సగం ఇది కలపండి, నీళ్ళు మాత్రం చూసి పొయ్యండి,' అంది. దేనికమ్మాయ్ అని నేనడగలేదు. తనూ చెప్పలేదు."

పళ్ళాయన గోడకి ఆనుకుని అలాగే కింద కూచున్నాడు. "ఇంకేమంది?"

"వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, 'మా ఆయనకి మాత్రం తెలియనివ్వకండి. లోకంలో ఆయన భయపడేది మీకొక్కరికే. మీరూ దొంగతనం చేస్తారని తెలిస్తే ఆ కాస్త భయం కూడా పోతుంది మనిషికి,' అంది."

ఆయన నోరు ముందు తెరుచుకుంది, శబ్దం తరవాత వచ్చింది. నవ్వు ఎక్కడ మొదలైందో, ఏడుపు ఎక్కడ కలిసిందో చెప్పడం కష్టం. పక్క బాల్కనీలో బట్టలారేస్తున్న ఆవిడ తొంగి చూసి వెళ్ళిపోయింది. టీచరమ్మ ఆయన వైపు చూడకుండా చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"నవ్వుతూ అందా?" అన్నాడు తేరుకుని.

"ఆవిడ నవ్విందెప్పుడు?"

"అవును."

టీచరమ్మ కుండీ ఆయన వైపు జరిపింది. "తీసుకెళ్ళండి బాబూ. మీది."

"వద్దండి. మా ఇంట్లో దానికి ప్రేమ ఎక్కువై పోయింది. ఇక్కడే ఉండనివ్వండి. కొమ్మ ఇవ్వండి చాలు. ఏడాది నిండిందిగా."

"నిండింది," అంది టీచరమ్మ. తన గొంతు తనకి తిరిగొచ్చినట్టయింది ఆవిడకి. ఆయన చేతే లోపల్నుంచి కత్తెర తెప్పించి, మూడు కొనలు ఏటవాలుగా కోసింది. "ఒకటి మీకు, ఒకటి మీ బావమరిదికి, ఒకటి ఇస్త్రీ అమ్మాయికి. ఎలా వచ్చాయని అడిగితే నేనే చెప్పుకుంటానని చెప్పండి."

ఆయన మూడు కొమ్మల్నీ చొక్కా జేబులో, ఆకులు పైకి ఉండేట్టు పెట్టుకున్నాడు. వాటిని తొందరగా ఇసకలో గుచ్చాలి. ఇంటి దగ్గర సగం దిద్దిన పళ్ళసెట్టు మైనంలో ఉంది. అయినా లేవలేదు. ఇన్ని నెలలుగా ఆవిడ అన్న మాటలన్నీ అయిపోయాయనీ, ఉన్నవాటినే తిప్పి తిప్పి తలుచుకోవాలనీ అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడు తను వినని మాట ఒకటి, వీధి చివర, ఇంకొకరి దగ్గర ఉందని తేలింది.

"టీచరుగారూ, ఆ రోజు కాకపోతే ఇంకెప్పుడైనా, నా గురించి కానివ్వండి, దేని గురించైనా కానివ్వండి, ఇంకేమైనా అందా?"

టీచరమ్మ కర్ర పక్కన పెట్టింది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఉండండి, గుర్తు చేసుకోనివ్వండి," అని కళ్ళు మూసుకుంది. ఆయన జేబు మీద చెయ్యి వేసుకుని, ఊపిరి చప్పుడు కూడా కాకుండా ఎదురుచూశాడు.