అవ్వ మేపిన పొట్టేళ్లు

పోయిన వారం పెనుకొండ పక్కన మా మేనల్లుడు కట్టిన పొట్టేళ్ల షెడ్డు చూడడానికి వెళ్లాను. నేలకు నడుమెత్తున చెక్కలు పరిచి, వాటి మీద యాభై పొట్టేలు పిల్లలను నిలబెట్టి, ముందు పొడుగునా తొట్లు పెట్టి బస్తాల్లో వచ్చే దాణా పోస్తున్నాడు. మేపడానికి చుట్టుపక్కల సెంటు బీడు కూడా లేదు, ఆ అవసరమూ అతనికి లేదు. "ఒక మనిషి చాలు మామా, పిల్లను చేత్తో తాకే పనే లేదు" అని అతను మురిసిపోతూ చెబితే బాగుందన్నాను గానీ, ఆ మాట విన్నప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు. తాకే పని లేకుండా పొట్టేళ్లను పెంచవచ్చునని మా ఇంట్లో మొదట చెప్పినవాణ్ణి నేనే.

మాది బత్తలపల్లి దగ్గర చిన్న పల్లె. ఎకరన్నర మెట్ట, వానొస్తే శెనక్కాయ, రాకపోతే అదీ లేదు. మందను తోలుకుపోయే బీడు మాకు లేదు కాబట్టి, ఏటా రెండు మూడు పొట్టేలు పిల్లలను కొని, ఇంటి వెనక గుంజలకు కట్టి, ఆరేడు నెలలు సాకి మాంసానికి అమ్మేవాళ్లం. సాకేది మా అవ్వ, నాయనను కన్న తల్లి. చూపు మందగించి పొలం పనికి పోలేని స్థితిలో ఆమెకు మిగిలిన పని అదొక్కటే. మా ఈడువాళ్లు ఆ మేపు చూసే ఉంటారు: అవిసాకు, కాయ కోశాక ఎండిన శెనక్కాయ కట్టె నలిపి, నానిన తవుడుతో కలిపి ముద్ద చేసి, పిల్లను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, దవడ పక్కనుంచి నోట్లో పెట్టి, అది మింగేదాకా గొంతు నిమురుతూ కూర్చోవడం. "తిను నాయనా తిను. యాడికి చూస్తాండావు? మీ తాత రాసిచ్చిన బీడేమన్నా ఉండాదా ఆడ?" అని వాటిని ఎగతాళి చేసేది. అన్నానికి కూర్చున్నప్పుడు మాత్రం, తాను ఊరికే తినడం లేదని, పొట్టేళ్లను పెంచి తింటున్నానని రోజుకొకసారైనా అనేది. మేము నవ్వేవాళ్లం.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి ధర్మవరంలో చీరల అంగడిలో పనికి కుదిరాను. సాయంత్రం బస్సు వచ్చేలోపు గంటసేపు గ్రంథాలయంలో కూర్చుని, నక్షత్రాలని లేదు, నరాల జబ్బులని లేదు, చేతికందిన పుస్తకమల్లా చదివి నోటుబుక్కులోకి ఎక్కించుకునేవాణ్ణి. బడికి దూరమైనవాడికి పుస్తకం ఇచ్చే గర్వం వేరు. అది ఇప్పటికీ నాలో ఉంది, దాచుకోను. ఇరవై ఏళ్ల వయసులో అలా దొరికిందే, అట్ట చినిగిపోయిన గొర్రెల పెంపకం పుస్తకం. బీడు లేనివాళ్లు మొక్కజొన్న నూక, నూనె తీసిన వేరుశెనగ చెక్క, తవుడు, ఉప్పు కలిపి తొట్టిలో పెట్టి, రోజురోజుకూ కొంచెం పెంచుకుంటూ పోతే పిల్లలు తొందరగా కండ పడతాయని, చేత్తో తినిపించడం వృథా శ్రమ అని అందులో రాసి ఉంది. ఆ పేజీలన్నీ రాసుకుని ఇంటికొచ్చి నాయనను ఒప్పించాను. పాత తారు డబ్బాను నిలువునా కోయించి తొట్టి చేయించాను.

అవ్వ నమ్మలేదు. "ఏమప్పా, తొట్టిలో పోస్తే తింటాయా అవి? నా చేతిది తప్ప ముట్టవు, చూస్తాండు" అంది. ఆమె అన్నట్టే మొదటి రోజు అవి తొట్టిని వాసన కూడా చూడలేదు. ఆమె గొంతు వినిపిస్తే చాలు, ముద్ద కోసం అటే తిరిగి అరిచేవి. అందుకని నేను అవ్వను పెరట్లోకి రావద్దన్నాను. ఇంక నడుం వంచే బాధ లేదు, హాయిగా లోపల కూర్చోమన్నాను. ఆమె నడవలో గోడకు చేరగిలబడి, ఒళ్లో చేతులు పెట్టుకుని, రెండు రోజులపాటు ఆ అరుపులు వింటూ కూర్చుంది. మూడో రోజు పొద్దున ఆకలికి తట్టుకోలేక పిల్లలు తొట్టిలో మూతి పెట్టాయి. లోపలినుంచి అవ్వ "తింటాండాయా?" అని అడిగింది. తింటున్నాయని కేక వేశాను. "సరేలే, మంచిదే" అంది.

పుస్తకంలో ఉన్నదేదీ తప్పు కాలేదు. అమ్మేనాటికి వాటి నడుం పట్టి చూసిన వ్యాపారి "ఏమప్పా, ఏం పెడ్తాండావు వీటికి? రాయి మాదిరి ఉండాయి" అని నన్నే అడిగాడు. ఏటా అవ్వతో బేరమాడి, అవ్వ చేత తిట్లు తిని పోయే మనిషి, ఆ పూట గడపలో నిలబడ్డ ఆమెను పలకరించనైనా లేదు. నేను నోటుబుక్కు తెచ్చి అతనికి చూపించే సంబరంలో ఉన్నాను.

ఆ తర్వాతే అమ్మ గమనించింది, అవ్వ తిండి తగ్గిందని. రెండోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి, "చాలు తల్లీ, పని చేసేటోళ్లకి పెట్టు" అనేది. జబ్బేమీ కాదు, అడిగితే ఆకలి లేదనేది. నాయనకు సంగతి అర్థమైంది. మరుసటి ఏడాది మూడు పిల్లలను కొని, అన్నిటికంటే చిన్నదాన్ని వేరుగా కట్టి, ఇది నువ్వు మేపమ్మా అని ఆమెకు అప్పజెప్పాడు. నాలుగు రోజులు అది ఆమె చేతిముద్ద తిన్నది. అయిదో రోజు పక్కన తొట్టిలో నూక పడిన చప్పుడు విని, ఆమె మోకాళ్ల మధ్యనుంచి గింజుకుని, తాడు తెగేలా అటే లాగింది. అవ్వ ముద్ద పక్కన పెట్టి, తడుముకుంటూ తానే తాడు విప్పింది. "పో, పో. ఆడే బాగుండాది నీకు" అంది. మళ్లీ ఆ పెరట్లో కూర్చోలేదు. చలికాలం రాకముందే పోయింది. పెద్దతనం అన్నారు అందరూ. కావచ్చు.

ఆ తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను. పిల్లకు ఏది ఎంత పెట్టాలో అన్నిటిలోనూ ఉంది. పెట్టే మనిషి ఊసు ఎక్కడా కనబడలేదు. ఇప్పుడు మా వీధిలో గుంజకు కట్టిన పొట్టేలు ఒక్కటీ లేదు. వంగి ముద్దలు పెట్టీ పెట్టీ నడుములు పోగొట్టుకున్న ఆనాటి ఆడవాళ్లను తలుచుకుంటే, ఆ రోజులే మేలు అనడానికి నాకు నోరు రాదు. మా ఈడువాళ్లను పిల్లలు బాగానే చూసుకుంటున్నారు. చిన్న చెంబు ఎత్తబోయినా, నువ్వు కూర్చో నాయనా అని చేతిలోంచి తీసుకుంటారు. అది ప్రేమేనని నాకు తెలుసు. అవ్వను పెరట్లోకి రావద్దన్న రోజు, నాదీ ప్రేమేనని అనుకున్నాను.