మూడో ముడి

మన కరణంగారు మంగళవారం పొద్దున ఎమ్మిగనూరులో, కూతురింట్లో కన్నుమూశారు. సంతాప సభలో సర్పంచి "ఊరికి వానలు తెచ్చిన మహానుభావుడు" అన్నాడు. తప్పు. ఆయన ఉన్నన్నాళ్లూ వానలు ఎగ్గొడుతూనే ఉన్నాయి. ఆయన తెచ్చింది తాడు. ఈ మాట సభలోనే చెప్పేదాన్ని, కానీ నా చేతికి మైకు ఇవ్వరు. పట్టుకుంటే వదలనని అందరికీ తెలుసు.

కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, నడుం వాల్చారట. అంతే. బాధ పడలేదని విని కుదుటపడ్డాను. మిగిలిన దిగులు ఒక్కటే: ఆయనతోపాటు ఆ తాడు కట్టుబాటు కూడా పోతుందేమోనని.

డెబ్బైల్లో వరసగా వానలు లేనప్పుడు చేదబావి చుట్టూ పొలాలకు మోటార్లు వచ్చాయి. మొదటిది మాదే. చేలు పచ్చబడ్డాయి, బిందెల్లోకి బురద వచ్చింది. కరణంగారు పంచాయతీ పుస్తకంలో ఒక తీర్మానం రాసి అందరిచేతా సంతకాలు, వేలిముద్రలు పెట్టించారు. చేదతాడుకు మూడు ముడులు. చేద నీళ్లకు తగిలేలోపు మూడో ముడి గిలక దాటితే మోటార్లన్నీ ఆపాలి, నీళ్లు మళ్లీ ఊరేదాకా.

"ఇది సర్కారు చట్టంలో ఉండాదా స్వామీ?" అన్నారు మా ఆయన.

"లేదప్పా. మన బాయి యాడుందో సర్కారుకు తెల్దు. మనకు తెలుసు గదా."

"వాన రాకపోతే నా సెనిక్కాయలు ఏం గావాల?"

"వాన నా చేతిలో లేదు. మోటారు స్విచ్చి నీ చేతిలో ఉండాది."

మా ఆయన గొణుక్కుంటూనే సంతకం పెట్టారు.

ఒక ఏడు పాత తాడు చివికిపోతే, కరణంగారే ఆదోని నుంచి కొత్త జనుము తాడు తెచ్చి, తన కొలత గొలుసుతో కొలిచి ముడులు వేశారు. మూడు రోజులకే మూడో ముడి గిలక దాటింది. మోటార్లు ఆగాయి. మా వేరుశనగ చేను ఊడలు దిగే అదనులో ఉంది, అప్పుడు తడి లేకపోతే కాయ పట్టదు. మా ఆయన అన్నం ముట్టలేదు. నేను వెళ్లి బావిలోకి తొంగి చూశాను. నీళ్లు అంత కిందికి దిగినప్పుడల్లా బయటపడే నల్లరాయి ఇంకా మునిగే ఉంది.

"స్వామీ, తాడొకటి సెప్తాంది, రాయొకటి సెప్తాంది. ఎవురిది అబద్ధం?"

ఆయన గొలుసు తెచ్చి తడితాడును కొలిచారు. కొత్త జనుము తడిస్తే కుంచించుకుపోతుంది. ముడులు దగ్గరికి వచ్చేసి, మూడోది ముందే గిలక దాటింది. ముప్ఫై ఏళ్లు ఊరి పొలాలు కొలిచిన మనిషి, తాడు నానబెట్టడం మరిచారు.

"తప్పు నాదమ్మా. ఎండుతాడుకు ముడేసినా" అన్నారు, బావి దగ్గరున్న ఆడవాళ్లందరి ఎదుటా. అదే మాట పంచాయతీ పుస్తకంలో రాసి కింద సంతకం పెట్టారు. ఆ సాయంత్రమే మోటార్లు ఆడాయి, చేను దక్కింది. మరుసటి ఏడు మూడో ముడి నిజంగానే దాటినప్పుడు, అందరికంటే ముందు మోటారు ఆపింది మా ఆయనే. ఈసారి గొణుగుడు కూడా లేదు. నేనైతే నాలుగు మాటలు అనకుండా ఆపేదాన్ని కాను.

తర్వాత కరణాల ఉద్యోగాలే రద్దయ్యాయి. ఆయన మాత్రం రోజూ గొడుగేసుకుని బావికి వచ్చేవారు. "వానలేని ఊర్లో గొడుగెందుకు స్వామీ?" అంటే, "ఎండకమ్మా. అది ఎప్పుడూ ఎగ్గొట్టదు గదా" అనేవారు.

సభ జరిగిన మర్నాడు నా మనవరాలు ఖాళీ బిందెతో వచ్చి "అవ్వా, మూడో ముడి దాటింది" అంది. వాకిట్లో నిలబడి చెవి ఒగ్గాను. ఇక అడిగే మనిషి లేడు. తూర్పు మోటారు ఆగింది. కాసేపటికి పడమటిది. ఆఖరికి, కరణంగారితో జీవితమంతా వాదులాడిన దక్షిణం చేను ఆసామిది. ఆ తర్వాత గిలక చప్పుడొక్కటే వినబడింది. లోపలికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాను.

తాడు మళ్లీ చివికింది. ఆదోని వెళ్లేవాళ్లెవరైనా కొత్త జనుము తాడు తెండి. తొట్టిలో ఒక పగలంతా నానబెట్టి, అప్పుడు ముడులు వేయండి. కూతురింటికి పోతూ కరణంగారు ఇచ్చిన గొలుసు మా ఇంట్లో ఉంది. పని కాగానే తెచ్చివ్వండి.