ముప్పై ఏడో ఫ్రేము

మా ఆయన పోయాక వనపర్తిలో స్టూడియో నా మీద పడింది. ఆడమనిషి కెమెరా పట్టుకుంటే ఎవరు పిలుస్తారని అందరూ పెదవి విరిచారు. నిజంగానే చాలామంది పిలవలేదు. కానీ ముస్లింల పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపుకి మగ ఫోటోగ్రాఫర్‌ని రానివ్వరు కదా, ఆ పని మాత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. గద్వాల నుంచి, ఆత్మకూరు నుంచి, ఒక్కోసారి నాగర్‌కర్నూల్ నుంచి కూడా కబురొచ్చేది.

వాళ్లది ఒక్కటే షరతు. ఫోటోలతో పాటు నెగటివులన్నీ వాళ్లకే ఇచ్చెయ్యాలి. నా దగ్గర ఒక్క ముక్క మిగలకూడదు. అందుకే రీలు పట్టుకుని నేనే కర్నూలు ల్యాబుకు పోయి, కడిగి ప్రింట్లు వేసేదాకా అక్కడే స్టూలు మీద కూర్చునేదాన్ని. బస్సు డ్రైవరుకిచ్చి పంపితే ఇంజను మీద పెడతాడు, ఆ వేడికి రంగులు చెడతాయి అని పైకి చెప్పేదాన్ని. అసలు సంగతి, ఎవరూ ఎక్కువ కాపీలు వెయ్యకుండా కాపలా.

నేను వాడింది నూరు స్పీడు రీలు. మిగతా స్టూడియోల వాళ్లంతా నాలుగొందలకు మారిపోయారు. "ఇంక నూరేనా అక్కా, నువ్వు మారవా?" అని ల్యాబువాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. చెయ్యనీ. నాలుగొందల రీలులో ముఖం పెద్దది చేయిస్తే రవ్వ చల్లినట్టుంటుంది. నూరులో చెంప చెంపలాగే ఉంటుంది. కాకపోతే దానికి వెలుతురు బాగా కావాలి, లేదంటే మనిషి కదలకూడదు. లోపలి వాకిట్లో స్టాండు వేసి, ఊపిరి బిగబట్టమని మూడు లెక్కపెట్టేదాన్ని. పొద్దంతా పదిమంది ఆడవాళ్ల మధ్య ఉండి, కదలొద్దు, మాట్లాడొద్దు అనడమే నా పని. సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీస్తే నాతో మాట్లాడే మనిషి ఒక్కరూ లేరు.

గద్వాలలో ఒకే ఇంట్లో మూడు పెళ్లిళ్లకు తీశాను. పెళ్లికూతుళ్ల మేనత్త ఆ ఇంట్లోనే, అన్న నీడన, ఒక్కగానొక్క కూతురితో ఉండేది. నేను ఆమెను ఆపా అనేదాన్ని, ఆమె నన్ను అక్కా అనేది. రెండు మాటలకూ అర్థం ఒకటే, ఎవరు పెద్దో ఇద్దరం తేల్చుకోలేదు. ఆమె ఎన్నడూ కెమెరా ముందుకు రాలేదు. చాయ తెచ్చి నా పక్కన కూర్చునేది. "గింత దూరం ఒక్కదానివే వస్తవు, పరేషాన్ గాదా అక్కా?" అని అడిగింది ఆ రోజుల్లో ఆమె ఒక్కతే. "అయితది ఆపా" అన్నాను. ఆ మాట అంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. వెలుతురు తగలకుండా దుప్పటి కప్పుకుని, రీలు తోక పొదుపుగా లాగి కెమెరాలో ఎక్కిస్తే ముప్పై ఏడోది కూడా పడుతుంది. మూడో పెళ్లినాడు అందరూ అన్నానికి లేచాక నా కెమెరాలో ఆ ఒక్కటి మిగిలింది. "కూసో ఆపా" అన్నాను. "నాదెందుకు?" అంటూనే కొంగు సర్దుకుని మంచం మీద కూర్చుంది. ఒకటి, రెండు అన్నాను. నా గాంభీర్యం చూసి ఆమెకు నవ్వాగలేదు. అప్పుడే నొక్కాను. ఫోటోలో ఆమె చేతులు కదిలి మసకబారాయి గానీ ముఖం నిలిచింది.

ఆపా వాళ్లన్న నెగటివులు ఎండకు పట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టుకునేవాడు. ముప్పై ఆరు సరిపోయాయి. చివరిదాన్ని నేను ల్యాబులోనే కత్తిరించి, బటర్ పేపరులో పెట్టి, పుస్తకం మధ్యన దాచుకుని తెచ్చుకున్నాను. లెక్కలో లేనిది కదా, నాదే అనుకున్నాను. ఇంట్లో అప్పుడప్పుడు అంచులు పట్టుకుని కిటికీకి ఎదురుగా చూసేదాన్ని. నారింజరంగు ముక్కలో నల్లటి ముఖం, నల్లటి పళ్లు, తెల్లటి జుట్టు. అయినా ఆ నవ్వు తెలిసేది.

ఏడాది తిరక్కుండా ఆపా చనిపోయింది. ఆ సంగతి నాకు రెండు నెలల తర్వాత, ఆమె కూతురు మేనమామను వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చినప్పుడు తెలిసింది.

"నాకు నికా కుదిరింది, రాయచూర్ పోతున్న ఆంటీ," అంది. "అమ్మీది ఒక్క ఫోటో తీస్కపోదామంటే ఇంట్ల ఏం లేదు. రేషన్ కార్డుల ఉన్నది గాని, అండ్ల కండ్లు మూసుకున్నది. మీ తాన ఏమన్న ఉందా?"

నెగటివు నా వెనక అల్మారాలోనే, చెమ్మ తగలకుండా గుప్పెడు బియ్యం మూటకట్టి వేసిన డబ్బాలో ఉంది. మేనమామ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. ఉందంటే దాచుకున్నానని తేలిపోతుంది. ఒక ఇంట్లో తేలితే మూడు ఊళ్లలో తేలినట్టే. ఆ తర్వాత నన్ను ఎవరూ లోపలి వాకిట్లోకి రానివ్వరు.

"లేదు బిడ్డా," అన్నాను. "అన్నీ మీకే ఇచ్చిన గద."

"నేను చెప్పలె?" అన్నాడు మేనమామ మేనకోడలితో.

పిల్ల కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. "అమ్మీ గూడ గట్లనే అంటుండె ఆంటీ. మీరు మాట తప్పరని."

వాళ్లు పోయాక తలుపేసుకుని ఏడ్చాను. ఆపా పోయినందుకో, నేనాడిన మాటకో నాకే తెలియలేదు. వారం రోజులు ఆ డబ్బా తెరవడం, మూయడం. ఇక ఉండబట్టలేక కర్నూలు పోయి పెద్ద సైజు ప్రింటు వేయించాను. అంత పెద్దది చేసినా కంటి కింది ముడత కూడా చెక్కు చెదరలేదు. అటునుంచి అటే గద్వాల బస్సెక్కాను. మేనమామ కంటపడకుండా పిల్ల చేతిలో పెట్టి, తిట్టినా పడదామనుకున్నాను.

ఇంటికి తాళం. నికా రాయచూరులోనే అట, ఇంటిల్లిపాదీ ముందురోజే పోయారట.

"పిల్ల మల్ల ఈడికి రాదు. మామ రేపో ఎల్లుండో వస్తడు," అంది పక్కింటామె. "ఏమన్న ఇచ్చేదుంటే నాకిచ్చి పో."

కవరు చంకలో ఉంది. "ఏం లేదు," అన్నాను.

"పోయేముందు ఆ పిల్ల గల్లీల అందరికి చెప్పింది, ఫోటోలకు నిన్నే పిలువుమని. నమ్మకమైన మనిషట."

తిరుగు బస్సు బీచుపల్లి వంతెన దాటుతుంటే కవరు కృష్ణలోకి విసిరేద్దామా అనిపించింది. చేతులు రాలేదు.

ఆ ఏడు ఆ గల్లీ నుంచే నాకు రెండు పెళ్లిళ్లు వచ్చాయి. రెండింటికీ పోయాను. రానని చెప్పే ధైర్యం కూడా నాకు లేకపోయింది.