ఢిల్లీ పతకం, ఎల్లప్ప గ్లాసు

తిరుత్తణి బస్టాండులో అల్లం దంచి వేసిన టీ పొంగే వాసన ముక్కుకు తగిలితే చాలు, ఇంత వయసు మీదపడ్డ నన్ను అది పావడా కట్టే రోజుల్లోకి లాక్కుపోయి, మా ఊరి ఎల్లప్ప టీకొట్టు ముందు, చూరుకు గుచ్చిన కొబ్బరి చిప్పల వరుస కింద నిలబెడుతుంది. ఊరివాళ్లకు లోపల బల్లమీద గాజు గ్లాసు, ఊరవతలి మా కాలనీవాళ్లకు బయట చిప్ప. తాగాక ఎవరి చిప్ప వాళ్లే కడిగి మళ్లీ చూరుకు గుచ్చాలి.

మా మేనత్త సుబ్బమ్మ ఆ చిప్ప మీద పగబట్టింది. తారు కరిగే ఎండల్లో, ఆడికృత్తికకు కావళ్లెత్తి కొండకు పోయే జనాన్ని తోసుకుంటూ, జిల్లా కలెక్టరాఫీసు దాకా తిరిగి తిరిగి, మాకు ఊరబావి నీళ్లు తెచ్చింది, గుడివీధిలో చెప్పులేసుకుని నడిచే హక్కు తెచ్చింది. పిల్లలకు మాత్రం పోరాటమంటే ఆమె కొంగున ముడేసి తెచ్చే మురుకులే. చిప్ప ఒక్కటే కదల్లేదు. అంతలో ఢిల్లీ వాళ్లు అత్తను పిలిచి పతకం ఇచ్చారు.

ఇంకేముంది! నిన్నటిదాకా "ఆ నోటిదురుసు వాయాడి" అని తిట్టిన నోళ్లే "మన సుబ్బమ్మ" అన్నాయి. మా పంచాయతీ ప్రెసిడెంటు సన్మానం పెట్టాడు. మైకుసెట్టు, కారాబూంది పొట్లాలు, నా కొత్త పావడా మీద ఒలికిన సేమ్యా పాయసం, కలెక్టరాఫీసు నుంచి వచ్చిన పెద్దాయన చేతుల మీదుగా ఆ పతకాన్నే మళ్లీ మెళ్లో వేసే ఏర్పాటు, అన్నీ ఉన్నాయి. పొన్నాడ, అంటే సన్మానం శాలువ, మాత్రం ఒకటే కొన్నారు. కప్పేవాళ్లు బారులు తీరారు. ఒకరు కప్పి ఫొటోకు నవ్వగానే ప్రెసిడెంటు దాన్ని వెనకనుంచి మెల్లగా లాగి, మడిచి, తర్వాతి మనిషి చేతిలో పెట్టేవాడు. మేము నవ్వాపుకోలేక చచ్చాం.

తలకు నూనె పట్టించుకుని ఎల్లప్ప కూడా వరుసలో వచ్చాడు. అత్త శాలువ వదల్లేదు, మైకు దగ్గరికి జరిగింది.

"ఎల్లప్పన్నా, నా ఒంటిమీది గుడ్డ ఇంతమంది చేతులు మారింది గదా, ఎవురికన్నా ఏమన్నా అయ్యిందా? నా నోరు తగిలిన గ్లాసు చేతులు మారితే ఏమయితాది? నీ గ్లాసులో టీ తాగినంకనే ఈ బిళ్ల మెళ్లో ఏసుకుంటా. అందాక నాకొద్దు."

నేను నాన్న చెయ్యి పట్టుకున్నాను. రేపు మా నాన్నను కూలికి పిలవకపోతే? "ఊరుకో అక్కా," అని నాన్న గొణిగాడు. కలెక్టరాఫీసు ఆయన ప్రెసిడెంటు వైపు చూశాడు, ప్రెసిడెంటు ఎల్లప్ప వైపు చూశాడు, ఎల్లప్ప నేల చూశాడు. ఫొటోగ్రాఫరు ఆకాశం చూశాడు.

"యాడరా టీ?" ప్రెసిడెంటు గావుకేక పెట్టాడు. "ఫొటోకు వెలుతురు పోతా ఉండాది, తే పో!"

ఎల్లప్ప పరుగెత్తి గాజు గ్లాసు తెచ్చాడు. అత్త ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, "చక్కెర తక్కువయింది," అని వెనక్కిచ్చింది. చచ్చినట్టు మళ్లీ పోయి చక్కెర వేసుకొచ్చాడు. ఆమె తీరిగ్గా తాగాక, ఊరంతా చూస్తుండగా, ఆ గ్లాసు కడిగాడు. మా నాన్న ఏడ్చేశాడు. మర్నాడు చూరున ఉన్న చిప్పలన్నీ పీకి తెచ్చి మా అమ్మ పొయ్యిలో పెట్టింది.

ఇప్పుడు అత్త లేదు, ఎల్లప్ప లేడు, ఆ చూరూ లేదు. అత్త గెలిచిన గ్లాసు కూడా లేదు. అందరికీ కాగితపు కప్పులే, తాగి పారేస్తే ఎవరి ఎంగిలీ ఎవరూ కడగక్కర్లేదు. నేను మాత్రం "గ్లాసులో ఇయ్యి నాయనా," అని మొండికేస్తాను. కొట్టు కుర్రాడు విసుక్కుంటూ లోపలెక్కడో వెతికి ఒకటి తెస్తాడు. తాగి, అక్కడే నిలబడతాను. అతను ఆ గ్లాసు కడిగే చప్పుడు వింటేగానీ నాకు టీ తాగినట్టుండదు.