అమ్మ ఓటీ గంటలు

నిన్న దూలపల్లిలో ఒక సందు మలుపు తిరుగుతుంటే, ఏదో షెడ్డులోంచి కరుగుతున్న ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. చిన్నప్పుడు అది మా అమ్మ కొంగు వాసన. గౌడవెల్లి నుంచి పొద్దున్నే షేర్ ఆటోలో వెళ్లి, సీసా మూతలు చేసే మిషన్ ముందు నిలబడి, చీకటి పడ్డాక ఆ వాసనతోనే ఇల్లు చేరేది.

అంతకుముందు కూలికి పోయేది నాయిన. మిద్దె మీంచి పడి కాలు విరగడంతో, లోపల రాడ్డు వేయించుకుని మంచం పట్టాడు. మంచంలో ఉన్నాడన్న మాటే గాని కుదురు లేదు. వానాకాలమంతా, రేకుల మీద చినుకుల మోత, అవ్వ కాల్చే మక్క కంకుల పొగ, నేనూ చెల్లీ ఆడే వామనగుంటల చప్పుడు, వీటన్నిటి నడుమ ఆయన అమ్మకు ఆ వారం ఎంతొస్తుందో అంచనా కట్టేవాడు. మా చింతగింజలు లాక్కుని, డ్యూటీ గంటకు ఒకటి చొప్పున దుప్పటి మీద పేర్చేవాడు. డ్యూటీ దిగాక చేసే ఓటీకి డబుల్ ఇస్తారు గనుక ఆ గంటలకు రెండేసి పెట్టి, మొత్తాన్ని గంట కూలితో హెచ్చవేసేవాడు. కుప్ప పెరిగితే ముఖం వెలిగేది. గింజ పెరిగినప్పుడల్లా అమ్మ రాక ఆలస్యమేనని తట్టి, అంతలోనే ముడుచుకునేది.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు కూడా కంపెనీ నడిచింది. "ఇయ్యాల గూడ ఓటీ జేస్తె నా కాల్ల రాడ్డు తీపిచ్చెటందుకు పైసలు సరిపోతయ్" అని పొద్దున నాయినే అన్నాడు. అమ్మ సద్ది కట్టుకుని వెళ్లింది. అవ్వ గునుగు, తంగేడు పూలతో బతుకమ్మ పేర్చింది. ఇల్లంతా నువ్వుల పొడి, మలీద ముద్దల వాసన. పొద్దు వాలి, ఆడవాళ్లు బతుకమ్మలెత్తుకుని మా గడప ముందు నుంచి పోతుంటే, నాయిన గింజలన్నీ ఒక్కసారిగా పక్కకు తోసేశాడు.

"లే బిడ్డా, మీ అమ్మను తోల్కొద్దాం."

చంకలో కర్ర, పక్కన నేను. ఆటోలో దారంతా "జల్దీ పోనియ్యే" అంటూనే ఉన్నాడు. గేటు దగ్గర పిలిపిస్తే అమ్మ చేతులు తుడుచుకుంటూ ఉరికొచ్చింది.

"ఏంది, అవ్వకేమన్న అయిందా?"

"ఏం గాలె. ఇంటికి రా."

"నడుమల వస్తె ఇయ్యాల్టి ఓటీ కోస్తరు. మరి నీ కాలు?"

"కాలు ఆగుతది. పండుగ ఆగుతదా?"

అమ్మ ఆయన్ని చూసింది, లోపల రొదపెడుతున్న మిషన్లను చూసింది. "తాళు" అని వెనక్కి వెళ్లింది. ఎంతకీ రాదే! నాయిన గేటు ముందు కుంటుతూ అటూ ఇటూ తిరిగాడు. చివరికి ముఖం కడుక్కుని, జడలో ఎవరో ఇచ్చిన బంతిపువ్వుతో వచ్చింది. మేం ఊరు చేరేసరికి బతుకమ్మలు నీళ్లలోకి దిగుతున్నాయి. అమ్మ చెప్పులు విడిచి చివరి పాట అందుకుంది.

ఆ ఓటీ కోసేశారు. రాడ్డు మరో ఏడాది కాల్లోనే ఉండిపోయింది. నాయిన మళ్లీ ఎప్పుడూ మా ముందు ఆమె గంటలు లెక్కపెట్టలేదు.

ఇప్పుడు మక్క చేలన్నీ ప్లాట్లయ్యాయి. అవ్వ లేదు. గునుగు పువ్వు మేడ్చల్‌లో కొనుక్కోవాలి. అమ్మ పని మానేసి చాలా ఏళ్లయింది, అయినా పొద్దు వాలితే ఒకచోట నిలవదు, కడిగిన గిన్నెలే కడుగుతుంది. కాసేపు కూర్చోమంటే గుమ్మం వైపు చూస్తుంది.

"ఏమో బిడ్డా, కూసుంటె ఎవలో పిలుస్తున్నట్టే ఉంటది."