జరీ అంచు కరాటే బెల్టు

డెబ్బైల్లో బెజవాడకి కరాటే జ్వరం పట్టుకుంది. వీధికో మాస్టారు వెలిశారు. మా వీధి మాస్టారు మా బట్టల కొట్టు మీద డాబాలోనే క్లాసులు చెప్పేవారు. ఆ డాబా ఇచ్చింది మా నాన్న. ఇవ్వడానికి కారణం ఒక ఇంగ్లీషు సినిమా.

అందులో ఓ కరాటే గురువు. డబ్బున్న తండ్రి ఒకడొచ్చి, పరీక్ష తప్పిన తన కొడుక్కి బెల్టు ఇమ్మంటాడు. గురువు ఇవ్వనంటాడు. దాంతో ఉన్న చోటు పోయి రోడ్డున పడతాడు. మా నాన్నకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా కండువాతో కళ్ళొత్తుకుంటూ మూడుసార్లు చూశాడు. "మనిషంటే ఆయనండీ! ఆ డబ్బున్నోణ్ణి మాత్రం చెప్పుతో కొట్టాలండీ" అంటూ కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ కథ చెప్పేవాడు. ఆ ధ్యాసలో చీరలు చూపించడం మర్చిపోయేవాడు.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. తానులు మడతపెట్టడం తప్ప ఏ విద్యా లేదు. నేనూ కరాటేలో చేరాను. ఆరు నెలలకి పసుపు బెల్టు పరీక్ష వచ్చింది. ఇంటి కప్పుకి వేసే బెంగుళూరు పెంకు ఒకటి చేత్తో పగలగొట్టాలి. అందరికీ పెంకు పగిలింది. నాకు చెయ్యి వాచింది.

"ఫెయిలు. మూడు నెలలాగి మళ్ళీ రా" అన్నారు మాస్టారు.

బెల్టులన్నీ మా నాన్నే మా మగ్గాల మీద ముందుగా నేయించి పెట్టాడు. అందరివీ మామూలువే. నా దానికి మాత్రం ఎర్రంచు, ఆ అంచులో జరీ! నేతింట్లో పుట్టిన మనిషి కదా, కొడుక్కి అంచులేని గుడ్డ కట్టించడానికి మనసొప్పలేదు. సంగతి తెలిసి, ఆ బెల్టు పట్టుకుని మేడెక్కాడు.

"ఎంతైనా గుడ్డముక్కేగదండీ మాస్టారూ, కట్టెయ్యండి. ఆ పెంకేదో బట్టీలో ఎక్కువ కాలినట్టుందండీ."

"కుదరదండీ."

"డాబా మాదండీ."

మాస్టారు వంగి చాప చుట్టడం మొదలెట్టారు. నా మూలంగా ఆయన రోడ్డున పడుతున్నారు.

"నాన్నా, సినిమాలో డబ్బున్నోడు కూడా అచ్చం ఇట్టాగే అన్నాడు గదా" అన్నాను.

మా నాన్న మొహం పాలిపోయింది. చేతిలో బెల్టుని మడిచి కండువా కింద దాచుకున్నాడు. కుర్రాళ్ళంతా ఆయన్నే చూస్తున్నారు.

"ఆ చాప పరవండి మాస్టారూ" అన్నాడు చివరికి. తర్వాత మా అందరివైపూ తిరిగి, గొంతు సవరించుకుని, "మావోడు తప్పాడండీ" అన్నాడు.

నేను ఇంటర్ రెండుసార్లు తప్పితే, పేపర్లు దిద్దినవాడికి కళ్ళు కనపడవని బజారంతా చాటిన మనిషి ఆయన. నేను తప్పానని ఆయన నోట వినడం అదే మొదటిసారి. సిగ్గుతో చావాల్సింది. నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉంది. ఇక ఎప్పుడైనా నేను నెగ్గితే, అది నేను నెగ్గినట్టే.