చెరువు వైద్యం

దివిసీమలో ఉండే మా చెల్లెలు తన లివర్‌లో సగానికి పైగా కోయించుకుని నాకు ఇచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. పచ్చబడ్డ నా కళ్ళు తెల్లబడ్డాయి. కడుపులో నీరు పోయింది. గుడివాడ దగ్గర మా చేపల చెరువుల గట్ల మీద మళ్ళీ నడుస్తున్నాను. అంతా బాగుందనుకునేసరికి షుగర్ తగులుకుంది. మా ఇంట్లో ఎవరికీ లేని షుగర్.

డాక్టరు గారు ఓపిగ్గానే చెప్పారు. శరీరం కొత్త లివర్‌ని పరాయిదనుకుని దాని మీద పడకుండా పొద్దునా సాయంత్రం మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రల వల్ల కొందరికి షుగర్ వస్తుంది. అయినా సరే వాటిని మానకూడదు, షుగర్‌కి ఇన్సులిన్ వాడుకోవాలి. నేను బుద్ధిమంతుడిలా తలూపాను. బుర్రలో మిగిలింది మాత్రం ఒక్క మాటే, షుగర్‌కి కారణం మాత్రలని.

పాతికేళ్ళుగా నాకు చెరువులే లోకం. చేప పైకి తేలి నోరు తెరుస్తోందంటే ముందు మేత ఆపేస్తాం. నీరు కుదుటపడ్డాకే మళ్ళీ మేత. కారణాలు తర్వాత తీరిగ్గా వెతుక్కుంటాం. ఆ తెలివినే నా ఒంటి మీద ప్రయోగించాను. వేలు గుచ్చుకుని చూసుకునే మిషన్‌లో షుగర్ మూడొందలు దాటిన రోజున సాయంత్రం మాత్ర ఆపేశాను. నాలుగు రోజులకి రెండొందల ఇరవైకి దిగింది. ఎంత మురిసిపోయానో. డాక్టర్లకి తట్టనిది నాకు తట్టిందనుకున్నాను. నా భార్యకి మాత్రం చెప్పలేదు. చెప్తే మాత్ర నోట్లో కుక్కేది.

మాత్ర ఆపిన మూడో వారంలో మామూలుగా చేయించే రక్తపరీక్ష ఇచ్చాను. మర్నాడు చెరువు దగ్గరుండగా ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది.

"మాత్రలేమైనా మానేశారా అండీ? లివర్ నంబర్లు బాగా పెరిగాయి. ఈరోజే వచ్చి చేరండి."

గట్టు మీదే కూలబడ్డాను. చచ్చిపోతానన్న భయం కన్నా చెల్లెలికి ఏం చెప్పాలన్న భయమే ఎక్కువగా ఉంది.

విజయవాడ వెళ్ళి చేరాను. శరీరం లివర్ మీద పడడం ఆపడానికి మూడు రోజులు నరానికి స్టెరాయిడ్ ఎక్కించారు. దాంతో షుగర్ నాలుగొందలు దాటింది. దేన్నించి తప్పించుకుందామనుకున్నానో దాని నోట్లోనే పడ్డాను. రోజుకి నాలుగుసార్లు ఇన్సులిన్. లివర్ నిలబడుతుందో లేదో నాలుగో రోజు పరీక్షలో తెలుస్తుందన్నారు.

ఆ పొద్దున చెల్లెలు అవనిగడ్డ నుంచి మొదటి బస్సుకే వచ్చింది. నేను చేసిన ఘనకార్యం నా భార్య ఫోన్లో చెప్పేసిందట. తిట్లకి సిద్ధపడి కూర్చున్నాను. తిట్టినా బాగుండేది. నర్సు వచ్చి రక్తం తీసుకెళ్ళింది. ఇద్దరం తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం. ఇక ఉండబట్టలేక నేనే అడిగాను.

"ఏదో ఒకటి అనవే."

"ఏమనమంటావు అన్నయ్యా? రాగానే డాక్టరు గారి దగ్గరికెళ్ళొచ్చాను."

"ఎందుకు?"

"ఇది పాడైపోతే మళ్ళీ ఇస్తానని చెప్దామని. ఒక మనిషి దగ్గర రెండోసారి తీసుకోరంట."